హార్డ్‌వేర్ వాలెట్: సీల్ విప్పడం నుంచి సీడ్ దాచడం దాకా

హార్డ్‌వేర్ వాలెట్‌లో నాణేలు ఉండవు. బిట్‌కాయిన్ అయినా ఈథర్ (ఈథీరియం నెట్‌వర్క్ నాణెం) అయినా ఉండేది బ్లాక్‌చెయిన్ అనే ఉమ్మడి లెక్కల పుస్తకం మీదే. ఆ చిన్న పరికరంలో ఉండేది వాటిని కదిలించే రహస్య కీ మాత్రమే. మీరు ఎవరికైనా పంపాలనుకున్నప్పుడు లావాదేవీని కంప్యూటరో ఫోనో తయారుచేసి పరికరానికి ఇస్తుంది. పరికరం దాన్ని తన తెర మీద చూపిస్తుంది. మీరు బటన్ నొక్కితే లోపలే సంతకం చేసి, ఆ సంతకాన్ని మాత్రం బయటికిస్తుంది. కీ ఎప్పుడూ బయటికి రాదు. అందుకే వైరస్ పట్టిన ల్యాప్‌టాప్‌కి తగిలించినా కీని ఎవరూ కాజేయలేరు.

అంటే ఇది చేసే పనులు రెండే. కీని దాచడం ఒకటి, ఏం సైన్ చేస్తున్నారో నిజం చూపించడం రెండోది. సీడ్ పదాల్ని, అంటే పరికరం పోయినా కీని తిరిగి తెచ్చే పదాల వరసని, ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకున్నవాళ్లను ఇది కాపాడలేదు. తెర మీద ఏం వచ్చిందో చదవకుండా బటన్ నొక్కేవాళ్లనూ కాపాడలేదు. వేలు ఖర్చుపెట్టి కొన్నాక కూడా డబ్బు పోగొట్టుకునేవాళ్లు చాలావరకు ఈ రెండు చోట్లే దెబ్బతింటారు. అందుకే ఈ పోస్టులో ఎక్కువ భాగం పదాల గురించి, తెర గురించే ఉంటుంది.

ఎక్కడ కొనాలి

తయారీదారు సొంత సైటు నుంచి, లేదా ఆ సైటులో అధీకృత విక్రేతగా పేరున్న దుకాణం నుంచి మాత్రమే. ఆన్‌లైన్ మార్కెట్లలో కనిపించే ఏ అమ్మకందారు దగ్గరైనా ముందు ఆ జాబితాలో పేరుందో లేదో చూడండి. సెకండ్ హ్యాండ్ అసలు వద్దు, స్నేహితుడు ఊరికే ఇచ్చినా వద్దు.

ఇది అతి జాగ్రత్త కాదు. 2023లో కాస్పర్‌స్కీ అనే సైబర్ భద్రతా సంస్థ ఒక నకిలీ ట్రెజర్ మోడల్ టీని విప్పి పరిశీలించింది (ట్రెజర్, లెడ్జర్ పేరున్న హార్డ్‌వేర్ వాలెట్ బ్రాండ్లు). క్లాసిఫైడ్స్ ద్వారా కొన్నది, సీలు చూస్తే కొత్తదే. లోపల మాత్రం పరికరాన్ని నడిపే చిప్ (మైక్రోకంట్రోలర్) మార్చేశారు. కొత్త వాలెట్ సృష్టిస్తున్నట్టు నటిస్తూ, ముందే దొంగల దగ్గర ఉన్న 20 సీడ్‌లలో ఒకదాన్ని చూపించేలా ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) రాశారు. పాస్‌ఫ్రేజ్ (పదాలకు తోడుగా మీరే పెట్టుకునే రహస్య మాట) పెట్టినా దానిలో మొదటి అక్షరం ఒక్కటే లెక్కలోకి తీసుకునేది. పరికరం బీరువాలో ఉండగానే డబ్బు వెళ్లిపోయింది.

సీలు చూసి నమ్మకండి. లెడ్జర్ అసలు సీలే వేయదు. పరికరం లోపలి చిప్‌ని కంపెనీ సర్వర్ గుర్తుపట్టే పరీక్ష ఒకటుంటుంది, మొదటిసారి సొంత యాప్‌కి తగిలించినప్పుడు అది జరుగుతుంది. ట్రెజర్ ఫర్మ్‌వేర్ లేకుండానే ఇంటికొస్తుంది, మొదటిసారి మీరే ఎక్కించాలి. ముందే ఫర్మ్‌వేర్ ఉందని యాప్ చెబితే వాడకుండా ఆపేయండి. ఏ బ్రాండ్ అయినా సరే, పెట్టెలో పదాలు ముందే రాసి ఉన్న కార్డు కనబడినా, పిన్ ముందే పెట్టి ఉన్నా అది మీ కోసం వేసిన వలే.

ఆర్డర్ ఇచ్చేటప్పుడు వేరే ఈమెయిల్ వాడండి. ఇంటి చిరునామాకు బదులు ఆఫీసు చిరునామా ఇవ్వగలిగితే ఇంకా మంచిది. 2020లో లెడ్జర్ కొనుగోలుదారుల జాబితా బయటపడింది. దాదాపు 10 లక్షల ఈమెయిళ్లు, వాటిలో 2.7 లక్షల మందికి పైగా పేరు, చిరునామా, ఫోన్ నంబరుతో సహా. ఆ జాబితా పట్టుకుని మోసగాళ్లు ఏళ్ల తరబడి ఈమెయిళ్లు, ఫోన్లు చేశారు. 2021లో కొందరికి పోస్టులో నకిలీ పరికరాలే పంపారు, ‘పాతది సురక్షితం కాదు, మీ 24 పదాల్ని ఇందులో ఎక్కించండి’ అని ఉత్తరం జతచేసి.

ఏ మోడల్ అని అడిగితే నేను ముందు చూసేది తెర. 42 అక్షరాల అడ్రస్‌ను (డబ్బు అందుకునే ఖాతా నంబరు లాంటిది) పూర్తిగా, ఇబ్బంది లేకుండా చదవగలిగే తెర ఉన్నదాన్ని తీసుకోండి. రెండు బటన్ల చిన్న తెర మీద అడ్రస్ మూడు నాలుగు ముక్కలుగా వస్తుంది. జనం మొదటి ముక్క చూసి మిగతావి గబగబా దాటేస్తారు. రెండోది సెక్యూర్ ఎలిమెంట్, అంటే రహస్యాల్ని కాపాడే ప్రత్యేక చిప్. అది లేని పాత ట్రెజర్ మోడళ్ల నుంచి, పరికరం చేతికి దొరికితే దాదాపు 15 నిమిషాల్లో సీడ్ బయటికి లాగవచ్చని 2020 జనవరిలో క్రాకెన్ సెక్యూరిటీ ల్యాబ్స్ చూపించింది. ట్రెజర్ సేఫ్ 3 నుంచి ఆ చిప్ వచ్చింది. లెడ్జర్‌లో మొదటి నుంచీ ఉంది. బిట్‌కాయిన్ ఒక్కటే దాచుకునేవాళ్లకు కోల్డ్‌కార్డ్ గానీ, బిట్‌బాక్స్02లోని బిట్‌కాయిన్-మాత్రమే వెర్షన్ గానీ బాగా సరిపోతాయి. తక్కువ కోడ్ ఉంటే తప్పులూ తక్కువే.

మొదటి గంట

తీరిగ్గా కూర్చునే సమయం చూసుకోండి. తలుపు వేసుకోండి. గదిలో సీసీ కెమెరా, వెబ్‌క్యామ్, ఎదురుగా ఫోను ఉండకూడదు. ఇప్పుడు ఇళ్లలోనే కెమెరాలు పెట్టుకుంటున్నారు, ఆ వీడియో అంతా ఎక్కడో క్లౌడ్‌లో నిలవ ఉంటుంది.

యాప్‌ను తయారీదారు సైటు నుంచే దింపుకోండి. సైటు చిరునామాను పెట్టెలో వచ్చిన కాగితం చూసి టైప్ చేయండి. గూగుల్‌లో వెతికితే పైన వచ్చే ప్రకటనలు నకిలీ కావచ్చు. యాప్ స్టోర్‌లో ఉంది కదా అని కూడా నమ్మడానికి లేదు. 2023 నవంబరులో మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోనే ఒక నకిలీ లెడ్జర్ యాప్ చేరి 16 బిట్‌కాయిన్లకు పైగా ఊడ్చుకుపోయింది.

పరికరం వెలిగింది కానీ యాప్ గుర్తించడం లేదా? చాలాసార్లు తప్పు కేబుల్‌దే. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్లలో డేటా తీగలు ఉండవు. పెట్టెలో వచ్చిన కేబుల్‌ని, హబ్ లేకుండా, నేరుగా ల్యాప్‌టాప్‌కి గుచ్చండి. లినక్స్ వాడేవాళ్లయితే యూడెవ్ రూల్స్ (పరికరాన్ని వాడటానికి యాప్‌కి అనుమతిచ్చే సెట్టింగులు) వేసుకోవాలి, లేకపోతే ఎన్నిసార్లు గుచ్చినా కనబడదు.

అసలుదేనా అనే పరీక్ష అయ్యాక ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయండి. సీడ్ సృష్టించడానికి ముందే చేయాలి. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయో, కేబుల్ ఊడో పరికరం రీసెట్ అయితే అప్పటికి పోవడానికి అందులో ఏమీ ఉండదు కాబట్టి. తర్వాత పిన్. లెడ్జర్‌లో 4 నుంచి 8 అంకెలు, మూడుసార్లు తప్పు కొడితే పరికరం తనంతట తానే తుడిచేసుకుంటుంది. ట్రెజర్‌లో ఒక్కో తప్పుకీ ఎదురుచూడాల్సిన సమయం పెరుగుతూ పోతుంది, తప్పులు హద్దు దాటితే తుడుచుకుపోతుంది. పుట్టినరోజు, ఫోన్ లాక్, ఏటీఎం పిన్ వద్దు. పిన్ మరిచిపోతే కొంప మునగదు, పదాలుంటే తిరిగి తెచ్చుకోవచ్చు. పదాలు పోతే మాత్రం ఏ కస్టమర్ కేర్ కూడా తిరిగి ఇవ్వలేదు.

ఆ తర్వాత ‘కొత్త వాలెట్’ ఎంచుకుంటే పదాలు ఒక్కొక్కటిగా పరికరం తెర మీదే వస్తాయి. కంప్యూటర్ తెర మీద వస్తున్నాయంటే అక్కడే ఆపేయండి.

పదాలు రాయడం

చాలా పరికరాలు బిప్-39 అనే ప్రామాణిక పద్ధతిలో 12 లేదా 24 పదాలిస్తాయి. మొత్తం జాబితాలో 2048 ఇంగ్లిష్ పదాలున్నాయి, ఒక్కో పదం 11 బిట్ల (0 లేదా 1ల) సమాచారం మోస్తుంది. 24 పదాలంటే 264 బిట్లు. వాటిలో 256 యాదృచ్ఛిక సంఖ్య, చివరి 8 తనిఖీ కోసం. 12 పదాల్లో 128 అసలు, 4 తనిఖీ. భద్రతకు 12 కూడా చాలు. ఈ ఇంగ్లిష్ జాబితాలో ఏ పదానికైనా మొదటి నాలుగు అక్షరాలు ఇంకో పదంతో కలవకుండా చూసుకున్నారు, కాబట్టి నాలుగు అక్షరాలు సరిగ్గా ఉంటే పదం దొరికినట్టే.

పదాలను ఇంగ్లిష్ అక్షరాల్లోనే, పెద్ద బడిలో (క్యాపిటల్ లెటర్స్), విడివిడిగా రాయండి. పక్కన వరస సంఖ్య తప్పనిసరి. తెలుగు లిపిలో రాసుకుంటే ఎవరికీ అర్థం కాదని కొందరు అనుకుంటారు. దానివల్ల దొంగకేమీ ఇబ్బంది లేదు, ఇబ్బంది మీకే. ‘రైట్’ అని రాసుకుంటే అది కుడి వైపా, రాయడమా? ఆ రెండు పదాలూ జాబితాలో ఉన్నాయి. ‘వేర్’ కూడా అంతే, ధరించడమూ ఉంది, ఎక్కడ అనేదీ ఉంది. మూడేళ్ల తర్వాత గుర్తుండదు.

జెల్ పెన్ను సిరా తడికి అలుక్కుపోతుంది. బాల్ పెన్ను గానీ పెన్సిల్ గానీ మేలు. రాశాక పరికరం మళ్లీ పదాలు అడుగుతుంది. అప్పుడు కాగితం చూసి జవాబివ్వండి, గుర్తు తెచ్చుకుని కాదు. పరీక్షించాల్సింది మీ జ్ఞాపకశక్తిని కాదు, కాగితాన్ని.

ఫొటో తీయొద్దు. వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోవద్దు. గూగుల్ డ్రైవ్, నోట్స్ యాప్, ఈమెయిల్ డ్రాఫ్ట్, పాస్‌వర్డ్ మేనేజర్ ఏవీ వద్దు. జిరాక్స్ సెంటర్‌కి తీసుకెళ్లొద్దు, ఇంట్లో ప్రింటర్ కూడా వద్దు. ఒక్కసారి డిజిటల్ రూపంలోకి వెళ్లిన పదాలకు హార్డ్‌వేర్ వాలెట్ రక్షణ అప్పుడే ముగిసిపోయింది.

ట్రెజర్ కొత్త మోడళ్లు మామూలుగా 20 పదాలిస్తాయి. అది స్లిప్-39 అనే వేరే పద్ధతి, దాని పదాల జాబితా కూడా వేరు, 1024 పదాలే. ఆ 20 పదాలు లెడ్జర్‌లో పనిచేయవు. రేపు ఇంకో బ్రాండుకి మారే ఆలోచన ఉంటే సెటప్‌లోనే 12 లేదా 24 పదాల ఎంపిక తీసుకోండి. కార్డు మీద ఏ పద్ధతో కూడా రాసి పెట్టండి.

పదాలను మీరే ఎంచుకోవడం, నచ్చిన పాట చరణంలోంచి ఏరుకోవడం ఎప్పుడూ చేయకండి. మనిషి ఎంచుకున్నది యాదృచ్ఛికం కాదు. యంత్రం మీద నమ్మకం లేదంటే కోల్డ్‌కార్డ్ లాంటివాటిలో పాచికలు వేసి సీడ్ తయారుచేసుకోవచ్చు. 128 బిట్లకు 50 సార్లు, 256 బిట్లకు 99 సార్లు వేయాలి.

డబ్బు వేయడానికి ముందే తుడిచేయండి

దీన్ని చాలామంది దాటేస్తారు. నా దృష్టిలో సెటప్ మొత్తంలో ఇంతకంటే ముఖ్యమైన పని లేదు.

బిట్‌కాయిన్ ఖాతా తెరిచి, మొదటి రిసీవ్ అడ్రస్‌ను ఒక కాగితం మీద రాసుకోండి. చిన్న మొత్తం దానికి పంపండి. వచ్చాక, పరికరాన్ని తుడిచేయండి. లెడ్జర్‌లో కావాలనే మూడుసార్లు తప్పు పిన్ కొడితే చాలు, ట్రెజర్‌లో యాప్ సెట్టింగుల్లో ఆ ఎంపిక ఉంది. ఇప్పుడు ‘పాత వాలెట్ తిరిగి తెచ్చుకో’ ఎంచుకుని కాగితం మీద పదాలను పరికరం మీదే ఎక్కించండి. వచ్చిన లావాదేవీలో అదే అడ్రస్, అదే మొత్తం కనబడితే మీ కాగితం సరైనదని తేలినట్టే.

పదాలు చెల్లవని పరికరం అంటే రాయడంలో ఎక్కడో తప్పుంది. రెండు పదాల వరస మారిందేమో, 6వ పదం 7లో పడిందేమో చూడండి. చివర్లో ఉన్న తనిఖీ బిట్లు ఇలాంటి తప్పుల్ని చాలావరకు పట్టేస్తాయి. 24 పదాల్లో తప్పు వరస 256కి ఒకసారి మాత్రమే దాటుకుపోతుంది. 12 పదాల్లో మాత్రం 16కి ఒకసారి దాటుకుపోతుంది. అలా దాటితే పరికరం ఏ తప్పూ చెప్పదు, ఖాళీ వాలెట్ తెరుచుకుంటుంది. అందుకే అడ్రస్ పోల్చి చూడమనేది. ఈ తప్పు ఇవాళ బయటపడితే పోయేది ఆ చిన్న మొత్తమే.

ఎక్స్ఛేంజ్ నుంచి తెచ్చుకోవడం

మన దేశంలో ముందు చూసుకోవాల్సింది, మీరు వాడే ఎక్స్ఛేంజ్ (కాయిన్లు కొని అమ్మే వేదిక) ఆ కాయిన్‌ను బయటి వాలెట్‌కి పంపనిస్తుందా లేదా అన్నది. కొన్నింటిలో కొనడం, అమ్మడం మాత్రమే ఉంటుంది. పంపనిచ్చేవి కూడా అడ్రస్ ఎవరిది, సొంతమా అని అడుగుతాయి. నిజమే చెప్పండి.

రిసీవ్ నొక్కినప్పుడు యాప్‌లో వచ్చిన అడ్రస్‌ను నేరుగా కాపీ చేయకండి. అదే అడ్రస్‌ను పరికరం తెర మీద చూపించమని అడగండి, రెండూ పూర్తిగా పోల్చండి. కంప్యూటర్‌లో దూరిన మాల్‌వేర్ యాప్ తెరనూ మార్చగలదు, క్లిప్‌బోర్డ్‌లో మీరు కాపీ చేసిన దాన్నీ మార్చగలదు. ఎక్స్ఛేంజ్ పేజీలో పేస్ట్ చేశాక మరోసారి పరికరంతో పోల్చండి.

బిట్‌కాయిన్ అడ్రస్ ప్రతిసారీ మారుతుంటే కంగారు పడొద్దు. గోప్యత కోసం అలా చేస్తారు, పాత అడ్రస్‌లూ మీవే, ఎప్పటికీ పనిచేస్తాయి. ఈథీరియంలో మాత్రం ఒకటే అడ్రస్ ఉంటుంది.

ఎక్కువ మంది చిక్కుకునేది నెట్‌వర్క్ దగ్గర. యూఎస్‌డీటీ (డాలరు విలువకు కట్టిన టోకెన్, అంటే వేరే నెట్‌వర్కుల మీద నడిచే కాయిన్) ఒక్కటే అయినా ఈథీరియం మీద ఉంటుంది, ట్రాన్ మీద ఉంటుంది, బీఎన్‌బీ చెయిన్ మీద ఉంటుంది. ఎక్స్ఛేంజ్‌లో ఫీజు తక్కువని ట్రాన్ ఎంచుకుంటే వాలెట్‌లో కూడా ట్రాన్ ఖాతా తెరిచి, టీ అక్షరంతో మొదలయ్యే ఆ అడ్రస్ ఇవ్వాలి. ఈథీరియం, బీఎన్‌బీ చెయిన్ అడ్రస్‌లు ఒకేలా ఉంటాయి కాబట్టి నెట్‌వర్క్ తప్పు పడినా మీ కీతో తిరిగి అందుకోవచ్చు, యాప్‌లో ఆ నెట్‌వర్క్ జోడిస్తే చాలు. వెనక్కి ఎక్స్ఛేంజ్‌కి పంపేటప్పుడు తప్పు నెట్‌వర్క్ వాడితే మాత్రం వాళ్ల దయే. ఎక్స్‌ఆర్‌పీ పంపేటప్పుడు ఎక్స్ఛేంజ్ మీ ఖాతాకిచ్చిన ట్యాగ్ నంబరు మరిచిపోయినా అంతే.

ఇంకో మాట. యూఎస్‌డీటీ వచ్చి పడింది, బయటికి పంపబోతే కదలదు. ఎందుకంటే ఈథీరియం మీద ఫీజు ఈథర్‌లోనే కట్టాలి, ట్రాన్ మీద దాని సొంత కాయిన్ టీఆర్‌ఎక్స్‌లో. టోకెన్లతో పాటు కొంచెం ఈథర్ గానీ టీఆర్‌ఎక్స్ గానీ అదే అడ్రస్‌లో ఉంచుకోండి.

ముందు చిన్న మొత్తం పంపి, చేరాక మిగతాది పంపండి. రెండుసార్లు ఫీజు పడుతుందని లెక్క చూసుకునే సందర్భం కాదిది.

సైన్ చేసేముందు

2024 మేలో ఒకరు 1,155 ర్యాప్డ్ బిట్‌కాయిన్‌లను (ఈథీరియం మీద నడిచే బిట్‌కాయిన్ రూపం), అప్పటి విలువలో 6.8 కోట్ల డాలర్లను, తప్పు అడ్రస్‌కి పంపేశారు. దొంగ ముందుగా, వాళ్లు మామూలుగా వాడే అడ్రస్‌కి మొదటి అక్షరాలూ చివరి అక్షరాలూ కలిసేలా ఒక అడ్రస్ తయారుచేసి, దాన్నుంచి చిల్లర పంపాడు. లావాదేవీల చరిత్రలో అది కనిపించింది, అక్కణ్నుంచి కాపీ చేశారు. తర్వాత బేరసారాలు జరిగి ఆ డబ్బు తిరిగొచ్చింది, కానీ అలా తిరిగి రావడం అరుదు. చరిత్రలోంచి అడ్రస్ కాపీ చేయకండి. మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలు చూస్తే చాలనే అలవాటు మానుకోండి. మధ్యలోవి కూడా చదవండి.

ఇప్పుడు పెద్ద ప్రమాదం. 2024 జులై 18న మన దేశపు ఎక్స్ఛేంజ్ వజీర్‌ఎక్స్ నుంచి దాదాపు 23 కోట్ల డాలర్లు, సుమారు 2,000 కోట్ల రూపాయలు పోయాయి. అది పలువురి సంతకాలు కావాల్సిన వాలెట్, వజీర్‌ఎక్స్ తరఫున సంతకం పెట్టినవాళ్లు హార్డ్‌వేర్ వాలెట్లే వాడారు. వెబ్ పేజీలో కనిపించింది ఒకటి, సంతకం పడింది ఇంకోదాని మీద అని ఆ సంస్థ చెప్పింది. మన తెలుగువాళ్లు కూడా ఎంతోమంది ఆ ఎక్స్ఛేంజ్‌లో డబ్బు పెట్టి ఇరుక్కున్నారు. 2025 ఫిబ్రవరి 21న బైబిట్ అనే ఎక్స్ఛేంజ్‌లోనూ ఇదే దారి. వాళ్లు వాడే వాలెట్ వెబ్ పేజీ కోడ్‌ను దాడి చేసినవాళ్లు మార్చారు. పేజీలో మామూలు బదిలీలా కనిపించినది, లోపల వాలెట్ మీద హక్కునే మార్చే ఆదేశం. దాదాపు 150 కోట్ల డాలర్లు పోయాయి. ఉత్తర కొరియా హ్యాకర్ల పని అని ఎఫ్‌బీఐ ప్రకటించింది.

రెండు చోట్లా కీ దొంగతనం కాలేదు. హార్డ్‌వేర్ వాలెట్ తన పని తాను చేసింది. అయితే స్మార్ట్ కాంట్రాక్టు (బ్లాక్‌చెయిన్ మీద నడిచే ప్రోగ్రామ్) ఆదేశాలు సంక్లిష్టంగా ఉన్నప్పుడు పరికరం వాటిని విడమరచి చూపించలేక, అర్థం కాని పొడవాటి అంకెల హ్యాష్ చూపించి ‘సైన్ చేయాలా?’ అంటుంది. దీన్నే బ్లైండ్ సైనింగ్ అంటారు. సెట్టింగుల్లో దాన్ని ఆపేసే అవకాశం ఉంది. ఆపే ఉంచండి. డీఫై (బ్లాక్‌చెయిన్ మీద అప్పులు, మార్పిడులు చేసే సైట్లు) వాడితే తప్పనిసరై తెరవాల్సి వస్తుంది, పని అవగానే మళ్లీ మూసేయండి.

డీఫై, ఎన్‌ఎఫ్‌టీ (డిజిటల్ వస్తువుల యాజమాన్య టోకెన్లు) సైట్లకు కనెక్ట్ అయ్యేవాళ్లకు అప్రూవల్ గురించి కూడా తెలియాలి. మీ టోకెన్లను ఫలానా కాంట్రాక్టు తీసుకోవచ్చని మీరిచ్చే అనుమతి అది. చాలా సైట్లు హద్దు లేని మొత్తానికి అనుమతి అడుగుతాయి. ఒకసారి ఇస్తే, ఎన్నాళ్లయినా, మీ పరికరం బీరువాలో ఉన్నా, ఆ కాంట్రాక్టు టోకెన్లు తీసుకోగలదు. పరికరాన్ని అన్‌ప్లగ్ చేసినంత మాత్రాన అనుమతి పోదు, దాన్ని రద్దు చేస్తూ ఇంకో లావాదేవీ సైన్ చేయాలి. రివోక్ డాట్ క్యాష్ లాంటి సైట్లలో మీ అడ్రస్ ఇస్తే ఉన్న అనుమతులన్నీ కనిపిస్తాయి. అనుమతి ఇచ్చేటప్పుడే హద్దు లేని అంకె తీసేసి కావాల్సినంత మొత్తమే రాయండి. ఫీజు పడని సంతకమే కదా అని సంతకంతోనే అనుమతి ఇచ్చేసే ‘పర్మిట్’ సందేశాలను తేలిగ్గా తీసుకోకండి, వాటితోనూ టోకెన్లు పోతాయి.

నమ్మకమైన సైటే అయినా ఒక్కోసారి ప్రమాదమే. 2023 డిసెంబరు 14న లెడ్జర్ కనెక్ట్ కిట్ అనే, సైట్లను వాలెట్‌తో కలిపే కోడ్ లైబ్రరీలోకి, ఒక మాజీ ఉద్యోగి ఖాతా ద్వారా దొంగ కోడ్ చేరింది. ఆ లైబ్రరీ వాడే పేరున్న సైట్లు కొన్ని కొన్ని గంటలపాటు దొంగ లావాదేవీలు చూపించాయి. తెర చదవకుండా ఒప్పుకున్నవాళ్లకే నష్టం.

అందుకే ఖాతాలు విడగొట్టుకోండి. దాచుకునే సొమ్ము ఉన్న ఖాతాను ఏ సైటుకీ ఎప్పుడూ కనెక్ట్ చేయకండి. వాడకానికి అదే పరికరంలో రెండో ఖాతా తెరిచి, కావాల్సినంతే అందులోకి మార్చుకోండి. అనుమతులు అడ్రస్‌ను బట్టి ఉంటాయి కాబట్టి ఒకే సీడ్ మీద ఉన్నా మొదటి ఖాతాకు ముప్పు రాదు.

పదాలు ఎక్కడ దాచాలి

కాగితానికి మన దగ్గర శత్రువులు నిప్పు ఒక్కటే కాదు. చెదలు, చెమ్మ, వరద. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో కింది అంతస్తుల ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. బీరువా కింది అరలో ఉన్న కాగితమేదీ అలాంటి నీళ్లలో మిగలదు. లామినేషన్ చేయించడానికి దుకాణానికి పోతే పదాలు అక్కడే చదివేస్తారు, పైగా వేడికి అది ఆగదు.

స్టెయిన్‌లెస్ స్టీల్ పలక మీద కొట్టుకోవడం మంచి పద్ధతి. 304 గ్రేడు, 2 నుంచి 3 మిల్లీమీటర్ల మందం. అక్షరాల పంచ్ సెట్ హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది. 24 పదాలకు నాలుగేసి అక్షరాలంటే 96 దెబ్బలు, వరస సంఖ్యలు అదనం. కింద గట్టి ఇనుప దిమ్మ పెట్టి కొడితేనే అచ్చు లోతుగా పడుతుంది, చెక్క మీద పెడితే పలక వంగుతుంది. స్టీలు దాదాపు 1,400 డిగ్రీల దగ్గర గానీ కరగదు. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, అది వద్దు. పని మీరే చేసుకోండి, నేమ్‌ప్లేట్లు చెక్కేవాళ్లకు ఇవ్వకండి.

రెండు ప్రతులు, రెండు వేర్వేరు చోట్ల ఉండాలి. ఒకటి ఇంట్లో, ఒకటి బ్యాంకు లాకర్‌లోనో ఊళ్లో అమ్మానాన్నల దగ్గరో. పరికరమూ పదాలూ ఒకే సంచిలో పెట్టకండి.

పదాలను సగం ఇక్కడ, సగం అక్కడ పెట్టాలనే ఆలోచన చాలామందికి వస్తుంది. మంచిది కాదు. రెండింట్లో ఏ ఒక్కటి పోయినా మొత్తం పోయినట్టే. పైగా 12 పదాల్లో ఆరు ఎవరికైనా దొరికితే, కనుక్కోవాల్సింది 128 బిట్ల నుంచి 62 బిట్లకు పడిపోతుంది. డబ్బు, ఓపిక ఉన్నవాడికి అది అందని పని కాదు. నిజంగా విడగొట్టాలంటే స్లిప్-39లో దానికోసమే పద్ధతి ఉంది, మూడు ముక్కల్లో ఏ రెండున్నా తిరిగి వచ్చేలా చేసుకోవచ్చు. ఒక ముక్క దొరికినవాడికి దానివల్ల ఏ ఉపయోగమూ ఉండదు.

పాస్‌ఫ్రేజ్ మరో దారి. దీన్నే కొందరు 25వ పదం అంటారు. పదాలు దొరికినా పాస్‌ఫ్రేజ్ లేకుండా ఆ వాలెట్ తెరుచుకోదు. కానీ దీనిలో ‘తప్పు’ అనేది లేదు. ఏ అక్షరాలు కొట్టినా ఏదో ఒక వాలెట్ తెరుచుకుంటుంది. చిన్న బడి, పెద్ద బడి, చివర పొరపాటున పడిన ఖాళీ, అన్నీ లెక్కలోకి వస్తాయి. మొదటిసారి పెట్టేటప్పుడే తప్పు కొట్టి అందులో డబ్బు వేస్తే, తర్వాత సరైనది కొట్టినా సున్నా కనబడుతుంది. కాబట్టి చిన్న మొత్తం వేసి, పరికరం ఆపి, మళ్లీ కొట్టి చూసి, అప్పుడు మిగతాది వేయండి. గుర్తుంటుందిలే అనుకోకండి, రాసి, పదాలున్న చోట కాకుండా వేరే చోట పెట్టండి. పెద్ద మొత్తం లేని కొత్తవాళ్లకు నేను పాస్‌ఫ్రేజ్ సలహా ఇవ్వను. దొంగల చేతికి చిక్కేవాళ్లకంటే తమ వాలెట్‌కు తామే తాళం వేసుకుని బయట నిలబడేవాళ్లే ఎక్కువవుతారు.

ఇంట్లోవాళ్లకు ఒక కాగితం రాసి పెట్టండి. అందులో పదాలు ఉండకూడదు. పరికరం ఏ బ్రాండు, పదాలు ఏ పద్ధతివి, పాస్‌ఫ్రేజ్ ఉందా లేదా, ఏ కాయిన్లు ఏ నెట్‌వర్క్ మీద ఉన్నాయి, ఎవరు అడిగినా పదాలు చెప్పొద్దు అన్న హెచ్చరిక, ఇవి ఉండాలి. లాకర్‌కి నామినీ పేరు ఉందో లేదో చూసుకోండి. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్నవాళ్లు పదాల ప్రతి ఒక్కటీ అక్కడే ఉంచుకుంటే, ఇక్కడున్న వారసులకు అది చేరే దారి కూడా ఆలోచించాలి.

పరికరం పాడైతే, బ్రాండు మారితే

పదాలుంటే పరికరం పోయినా ఫర్వాలేదు. కొత్తది కొని పదాలు ఎక్కించడమే. వేరే బ్రాండులో ఎక్కించినప్పుడు సున్నా చూపిస్తే గుండె ఆగినంత పనవుతుంది. చాలాసార్లు కారణం డెరివేషన్ పాత్. ఒకే సీడ్ నుంచి వేర్వేరు దారుల్లో వేర్వేరు అడ్రస్‌లు పుడతాయి. బిట్‌కాయిన్‌లో ఆ దారి సంఖ్య 44తో మొదలైతే పాత రకం, 49 అయితే 3తో మొదలయ్యే అడ్రస్‌లు, 84 అయితే బీసీ1క్యూతో మొదలయ్యేవి, 86 అయితే ట్యాప్‌రూట్ అనే కొత్త రకం. మీ పాత అడ్రస్ ఎలా మొదలయ్యేదో చూసి ఆ రకం ఖాతా జోడించండి. ఈథీరియంలో రెండో ఖాతా నుంచి లెడ్జర్ సొంత యాప్ దారి వేరు, కొన్ని ఇతర వాలెట్ల దారి వేరు. యాప్‌లో పాత్ మార్చే ఎంపిక వెతకండి.

పన్ను గురించి క్లుప్తంగా. 2022 ఏప్రిల్ 1 నుంచి లాభం మీద 30 శాతం, పైన 4 శాతం సెస్; నష్టాన్ని దేనితోనూ సర్దుకోవడానికి లేదు. 2022 జులై 1 నుంచి 1 శాతం టీడీఎస్ కూడా ఉంది. ఎక్స్ఛేంజ్ నుంచి మీ సొంత వాలెట్‌కి మార్చుకోవడం అమ్మకం కాదు, కానీ రేపు అమ్మినప్పుడు ఎంతకు కొన్నారో రుజువు చూపాల్సింది మీరే. ఎక్స్ఛేంజ్ స్టేట్‌మెంట్లు ప్రతి ఏడాదీ దింపుకుని, బదిలీల లావాదేవీ సంఖ్యలతో కలిపి ఉంచుకోండి. ఎక్స్ఛేంజ్ మూతపడ్డాక దింపుకోవడం కుదరదు.

పదాలు బయటపడ్డాయని అనుమానం వస్తే

ఏ సైటులోనో టైప్ చేసేశారు, లేదా కార్డు ఫొటో తీసి ఉన్న ఫోను పోయింది. పిన్ మార్చడం వల్ల ఏమీ కాదు, పరికరం రీసెట్ చేసి అవే పదాలు ఎక్కించినా ఏమీ కాదు. ఆ సీడ్ ఇక మీది కాదు. కొత్త సీడ్ కావాలి, డబ్బు దానికి తరలించాలి, వెంటనే.

రెండో పరికరం ఉంటే అందులో కొత్త వాలెట్ సృష్టించి, పదాలు రాసుకుని, దాని అడ్రస్‌లకు పంపండి. లేకపోతే తాత్కాలికంగా మీ ఎక్స్ఛేంజ్ డిపాజిట్ అడ్రస్‌కి పంపండి. అంతా ఖాళీ అయ్యాక మాత్రమే ఉన్న పరికరాన్ని తుడిచి కొత్త సీడ్ తయారుచేసుకోండి. తొందరలో ముందే తుడిచేస్తే, తరలించడానికి పాత పదాలు మళ్లీ ఎక్కించాల్సి వస్తుంది, ఆ నిమిషాలు దొంగకి చాలు.

విలువ ఎక్కువ ఉన్నవాటితో మొదలుపెట్టండి. ఒకే నెట్‌వర్క్ మీద టోకెన్లు ముందు, ఈథర్ చివర, ఎందుకంటే టోకెన్లు కదలడానికి ఫీజు ఆ ఈథర్ నుంచే కట్టాలి. ఈథర్ అప్పటికే పోయి టోకెన్లు మాత్రం మిగిలి ఉంటే, ఫీజు కోసం ఆ అడ్రస్‌కి కొత్తగా ఈథర్ పంపకండి. అలాంటి అడ్రస్‌లకు దొంగలు బాట్‌లు (తమంతట తామే పనిచేసే ప్రోగ్రాములు) కాపలా పెడతారు, వచ్చిన ఈథర్‌ను సెకన్లలో ఊడ్చేస్తాయి. ‘మేం రికవర్ చేసిపెడతాం’ అని టెలిగ్రామ్‌లో వచ్చేవాళ్లకు జవాబే ఇవ్వకండి. లావాదేవీ సంఖ్యలు, అడ్రస్‌లు, సమయాలు రాసుకుని 1930 నంబరుకి ఫోన్ చేసి జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. డబ్బు ఏదైనా ఎక్స్ఛేంజ్‌కి చేరి ఉంటే అక్కడ నిలిపివేయించే అవకాశం మొదటి కొన్ని గంటల్లోనే ఎక్కువ.